చెయ్యెత్తిన వాళ్ళు

"నీళ్ళోసుకున్నదానికి నీళ్ళు మొయ్యుడు బరువైతదా?" అన్నది మా అత్త అమృతమ్మ.

నేను అప్పుడే బావి నుంచి మూడో బిందె తెచ్చి గడప దగ్గర దించి, నడుము మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంటున్నాను. ఆ మాట అని తనే నవ్వింది. అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్న నా భర్త దయానందం అద్దంలోంచి నవ్వాడు. మాట బాగానే కుదిరింది, నేను కూడా నవ్వాను. నవ్వకపోతే "చదువుకున్న కోడలు, మాట పడదు" అని ఇంకో మాట వస్తుంది. అప్పటికి నాకు ఆరో నెల. జర్మనీతో యుద్ధం మొదలైన మరుసటి యేడు అది. మా అమీర్‌పేటలో ఉన్న మంచినీళ్ళ బావి పల్లంలో, మా ఇల్లు మిట్ట మీద.

ఆ యేడు వేసవి దాకా నేను ఖైరతాబాదు దగ్గర ఒక బడిలో పంతులమ్మను. నాలుగో నెల దాటగానే పెద్దపంతులు పిలిచి, నా మొహం చూడకుండా గోడ మీది పటం చూస్తూ చెప్పాడు. "అమ్మా జ్ఞానకుమారీ, కడుపు కనబడుతున్నది. పిల్లలు అడుగుతరు. నీ అంతట నువ్వే మానుకుంటే మర్యాదగ ఉంటది." నా తరగతిలో సగం మంది ఇంట్లో బర్రె ఈనుతుంటే దూడను లాగడానికి చెయ్యి వేసి వచ్చిన పిల్లలే. వాళ్ళకు తెలియని రహస్యం నా చీర వెనుక ఏముంది? ఆ మాట అడగలేకపోయాను. హాజరుపట్టీ బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చాను. సాయంత్రం మా ఆయనకు చెబితే, "పోనీలే, అమ్మకు ఆసరా ఐతవ్. ఎట్లాగూ ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గద" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. సికింద్రాబాదులో ఒక కంపెనీ గుమాస్తా, తాగడు, కొట్టడు, ఆదివారం మా చర్చి గుడిలో పాటలు బాగా పాడుతాడు. కానీ ఆ ఖాళీ అనే మాట నా చెవిలో చాలా రోజులు తిరిగింది. పొద్దున లేచి బర్రె కింద ఊడ్చి, నీళ్ళు మోసి, జొన్నలు విసిరి, ముగ్గురికి రొట్టెలు కొట్టి, ఆయనకు టిఫిను కట్టి, బట్టలు ఉతికి, మళ్ళీ మాపటి పొయ్యి ముట్టించేదాకా వెన్ను వాల్చని మనిషిని, లోపల ఒక ప్రాణం నిండి ఉన్న మనిషిని పట్టుకుని ఖాళీ అన్నాడే అని. తిండి సంగతి చెప్పనే అక్కరలేదు. ఆయన, అత్త తిన్నాక మిగిలింది నాది. "ఎక్కువ తింటే బిడ్డ బలుస్తది, కాన్పు కష్టమైతది" అని అత్త మూడో రొట్టె మీద చెయ్యి అడ్డం పెట్టేది.

ప్రతి బుధవారం మధ్యాహ్నం మా గుడి వరండాకు నగరంలోని ఆడవాళ్ళ ఆసుపత్రి నుంచి యేసురత్నమ్మ అనే నర్సు జట్కాలో వచ్చేది. నల్లటి పొట్టి మనిషి, మాట గట్టిది. ఒక చిన్న స్పిరిటు దీపం, గాజు గొట్టాలు, రక్తపు ఒత్తిడి చూసే పెట్టె వెంట తెచ్చుకునేది. మొదటిసారి వెళ్ళినప్పుడు నా కళ్ళ కింది రెప్ప లాగి చూసి, "పంతులమ్మవు, నీ ఒంట్ల నెత్తురు లేదని నీకే తెల్వదా?" అన్నది. తోటకూరో పాలకూరో రోజూ పప్పులో పడాలని, బెల్లం, పల్లీలు కొంగున కట్టుకుని పనిలో నములుతూ ఉండాలని, మధ్యాహ్నం గంటసేపు పక్కకు తిరిగి పడుకోవాలని చెప్పింది. ఏడో నెల నుంచి బిందె ముట్టుకోవద్దన్నది. బిడ్డ బలిస్తే కాన్పు కష్టం కాదని, తల్లి ఎండిపోతేనే కష్టమని చెప్పింది. అన్నిటికంటే ముఖ్యమని వేలు ఎత్తి మరీ చెప్పింది ఇది. కాళ్ళు మాత్రమే కాదు, పొద్దున లేచేసరికి మొహమూ చేతులూ వాచినా, తల పగిలేటట్టు నొచ్చినా, కళ్ళ ముందు మెరుపులు కనబడినా ఆ గంటలోనే ఆసుపత్రికి రావాలి. "పూజారికి, పాస్టరుకు, మంత్రగానికి ఎవ్వరికీ చెప్పొద్దు. బండెక్కు. ఆ బండి ఎవరిదో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో."

చివర "నీ మొగణ్ణి సుత తోల్కరా, ఆయనకు చెప్పేటియి ఉన్నయి" అన్నది. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాను.

"గుడి వరండల ఆడోళ్ళ నడుమ నేను కూసోవాల్నా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గివి మీ ఆడోళ్ళ ముచ్చట్లు. అమ్మ లేదా, చూసుకుంటది."

అమ్మ చూసుకున్నది. "మా కాలంల నర్సులు ఉన్నరా? కల్లంల కని, బొడ్డు కోసుకొని, కొడవలి పట్టుకున్నోళ్ళం" అన్నది. బుధవారం వచ్చిందంటే సరిగ్గా ఆ మధ్యాహ్నానికే ఏదో ఒక పని పుట్టించేది. నేనొక్కదాన్నే కాదు. మా వాడలో కడుపుతో ఉన్న వాళ్ళు ఏడుగురు, వరండాకు వచ్చేది ఇద్దరం. నర్సమ్మ జట్కా దిగి ఖాళీ చాపలు చూసి దీపం వెలిగించుకునేది. ఆమె చూపు చూస్తే నాకు సిగ్గు వేసేది, పిల్లలు రాని బడిలో నిలబడ్డట్టు.

శనివారం మధ్యాహ్నం స్త్రీల కూటం జరిగేది. పాస్టరు భార్య రాజమ్మ గారు నడిపేవారు. ఆ కూటానికి అత్తలూ కోడళ్ళూ అందరూ వస్తారు, అది మానితే మాట వస్తుంది కనుక. ఒక శనివారం నన్ను వాక్యం చదవమన్నారు. లేచి నిలబడ్డాను. పుస్తకం చేతిలో ఉంది, ఎదురుగా నలభై మంది ఆడవాళ్ళు చాపల మీద వరసగా కూర్చుని నా వైపు చూస్తున్నారు. రెండు నెలలుగా నా ఎదుట ఎవరూ అలా కూర్చోలేదు. నాకేమైందో, పుస్తకం మూసి బడి గొంతుతో అడిగాను.

"మొదటి కాన్పుల బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళు చెయ్యెత్తుండ్రి."

ఎవరూ కదల్లేదు. రాజమ్మ గారు కళ్ళద్దాలు సవరించుకుని, "ఇదేం ప్రశ్న, కుమారీ?" అన్నారు. ఇంటికి వెళ్ళాక ఏం వినవలసి వస్తుందో అంతా నాకు ముందే వినబడింది. ఇక కూర్చుందామనుకుంటూ ఉండగా, వెనుక గోడకు ఆనుకుని ఉన్న జీవమణి చెయ్యెత్తింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. నిరుడు వానాకాలంలో, పుట్టిన ఎనిమిదో రోజు దాని బిడ్డ దవడ పట్టేసి చనిపోయింది, తుప్పు కత్తితో బొడ్డు కోసి పేడ బూడిద అద్దినందుకు. ఆ చెయ్యి ఒంటరిగా గాలిలో ఉంటే, దాని పక్క మనిషి కూడా ఎత్తింది. తర్వాత ముందు వరసలో ఇద్దరు ముసలమ్మలు. రాజమ్మ గారు తన ఒళ్ళో ఉన్న చెయ్యి వైపు చూసుకుని, మెల్లగా పైకెత్తారు. నేను లెక్కపెట్టాను, బడిలో అలవాటు. పదమూడు. పద్నాలుగో చెయ్యి మా అత్తది.

మా ఇంట్లో ఆ సంగతి తెలిసిన మనిషి లేడు. దయానందమే మొదటి కాన్పని నాకు చెప్పారు, ఆయనకూ అదే తెలుసు.

"ఇద్దరు," అన్నది అత్త, ఎవరి వైపూ చూడకుండా. "వీనికి ముందు ఇద్దరు. మొదటోని మొకం సుత నాకు చూపియ్యలే. బట్టల చుట్టి పట్కపోయిండ్రు. ఏడిస్తె మళ్ళ కడుపు పండదని ఏడ్వనియ్యలే."

ఆ శనివారం వాక్యం చదవలేదు. నర్సమ్మ నాకు చెప్పిందంతా నేను వాళ్ళకు చెప్పాను. కొత్త బ్లేడు సంగతి, దారం మరగబెట్టే సంగతి, బొడ్డు మీద ఏమీ అద్దకూడదన్న సంగతి, వాపుల సంగతి. అందరి కళ్ళూ తడిగా ఉన్నాయి, అయినా ఒక్కరూ లేవలేదు. ఆ తర్వాతి బుధవారం వరండాలో అత్తలూ కోడళ్ళూ కలిసి ఇరవై రెండు మంది ఉన్నారు. యేసురత్నమ్మ జట్కా మెట్టు మీదే ఆగిపోయి, "ఇయ్యాల ఏమన్న పెండ్లా?" అన్నది.

అంతమాత్రాన మా ఇల్లు మారిపోలేదు. మరునాడు పొద్దున కూడా బిందె నా చంకనే ఉంది. అత్త ఆ ముచ్చట మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. మా ఆయనకు చెబితే, "అమ్మ నాకెన్నడు చెప్పలే" అని మాత్రం అన్నాడు. ఒక్కటి మారింది. రొట్టె మీద అడ్డం పెట్టే చెయ్యి మళ్ళీ రాలేదు.

ఎనిమిదో నెలలో ఒక బుధవారం, నా మూత్రం పోసిన గాజు గొట్టాన్ని నర్సమ్మ దీపం మీద వేడి చేసింది. ఎప్పుడూ తేటగా ఉండేది ఆ రోజు పాలు విరిగినట్టు తెల్లబడింది. ఆమె ఇంకోసారి చేసి చూసింది. ఒత్తిడి చూసి, నా చేతి గాజులు కదలకుండా బిగుసుకున్నాయని చూపించింది. "ఇయ్యాల్టి నుంచి మంచం మీదనే ఉండు. ఉప్పు మానెయ్. మొకం సుత వాచినా, తల నొచ్చినా, మెరుపులు కనబడినా ఆగకు," అన్నది. ఆ సాయంత్రం మా ఆయనతో అన్నీ చెప్పాను. "నర్సులు భయపెడ్తరు, వాళ్ళ పనే అది. ఉబ్బునీరు అందరికి వస్తది. ఆదివారం నాకు సెలవు, చూద్దాం" అన్నాడు. మంచం మీద పడుకుంటే ఇల్లు ఆగదు గదా. అత్తకు మోకాళ్ళ నొప్పులు. నేను పడుకునేదాన్ని, లేచేదాన్ని, మళ్ళీ పడుకునేదాన్ని.

శుక్రవారం పొద్దున రొట్టెలు కొడుతున్నాను. కళ్ళ ముందు నిప్పురవ్వలు లేచాయి. పొయ్యిలోవనుకుని కట్టె వెనక్కి లాగాను. మంట తగ్గింది, రవ్వలు తగ్గలేదు. గోడ మీద, పిండి మీద, నా చేతుల మీద అంతటా మెరుస్తున్నాయి. తల రెండుగా చీలినట్టు నొప్పి. మా ఆయన టిఫిను కోసం వాకిట్లో సైకిలు గంట కొడుతున్నాడు. ఆ క్షణంలో నేను ఏమనుకున్నానో ఇప్పటికీ గుర్తుంది. ఈ రొట్టె అయ్యాక చెబుదాం, ఆయన ఆఫీసుకు పోయాక చూద్దాం అనుకున్నాను. పెనం మీది రొట్టెను తిప్పడానికి చెయ్యి కూడా చాపాను. అప్పుడు లోపల బిడ్డ ఒక్కసారి గట్టిగా కదిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రొట్టె మాడుతూ ఉండగానే లేచి, గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చాను.

"నేను ఆసుపత్రికి పోతున్న" అన్నాను.

"ఇప్పుడా? ఆఫీసు టైము..." అన్నాడాయన. "ఆదివారం అనుకున్నం గద?"

"మీరు ఆదివారం రాండ్రి. నేను ఇప్పుడు పోతున్న."

మా పక్కింటి మంగవ్వ కొడుకు ఓదెలు పంజాగుట్టలో రాయి కొట్టేవాడు, ఎడ్లబండి ఉండేది. నర్సమ్మ చెప్పిన నాడే అతనితో మాట్లాడి పెట్టుకున్నాను. గోడ అవతలి నుంచి మంగవ్వను పిలిచాను. ఆమె నా మొహం చూసి, "ఓదెలూ, బండి కట్టురా, పంతులమ్మకు బాగ లేదు!" అని కేక వేసింది. ఓదెలు రాళ్ళు కిందికి దొర్లించి, బండిలో గడ్డి పరిచాడు. నేను ఎక్కి పడుకున్నాను. మా ఆయన సైకిలు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు, ఎవరైనా ఏం చెయ్యాలో చెబితే బాగుండునన్నట్టు. అప్పుడు అత్త లోపలి నుంచి దిండు, దుప్పటి తీసుకుని వచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు. మోకాళ్ళ నొప్పుల మనిషి చక్రం మీద కాలు పెట్టి బండెక్కి, నా తల తన ఒళ్ళోకి తీసుకుంది.

"అమ్మా, నువ్వెందుకు..." అన్నాడాయన.

"నోర్మూస్కొని బండెంబడి రా," అన్నది మా అత్త. "ఈమెకేమన్నయితె నా గడప తొక్కకు."

ఖైరతాబాదు దాటేదాకా నాకు తెలివి ఉంది. బండి చక్రం పక్కనే సైకిలు చక్రం కనబడుతూ ఉంది. అత్త చెయ్యి నా నుదుటి మీద ఉంది. తర్వాత నాకు గుర్తు లేదు.

ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే మూర్ఛలు వచ్చేవని, తల్లీబిడ్డా ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ మా ఆయనతో చెప్పింది. నన్ను మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. వార్డులో చీకటిగా ఉంచిన మూల మంచం, ఉప్పు లేని గంజి, మందులు. ఆయన రోజూ ఆఫీసు నుంచి నేరుగా వచ్చేవాడు. మొదటి రోజు మంచం పక్కన నిలబడి, "భయపడ్డ, కుమారీ. ఏం జెయ్యాల్నో నాకు తెల్వలే" అన్నాడు. నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. "మీకు తెల్వదని కాదు. తెలుసుకోను రమ్మంటే రాలేదు," అన్నాను. పెళ్ళయ్యాక ఆయనతో అంత నెమ్మదిగా, అంత తిన్నగా మాట్లాడింది అదే. ఆయన తల వంచుకున్నాడు. "అయితె ఇప్పుడు చెప్పు" అన్నాడు. చెప్పాను. పడుకున్న చోటు నుంచే పాఠం చెప్పాను, మరునాడు అప్పజెప్పించుకున్నాను. "మొదటి గుర్తు?" "తలనొప్పి." "రెండోది?" "మొకం, చేతులు వాచుడు." "మూడోది?" తడబడితే పక్క మంచం మీది ఆమె అందించేది. వార్డంతా ముసుగుల కింద నవ్వు.

మంగవ్వ ఒకసారి చూడటానికి వచ్చి ఇంటి ముచ్చట చెప్పింది. "నీ మొగడు బిందె మోస్తుండు, పంతులమ్మా. సగం నీళ్ళు లాగు మీదనే. బాయికాడ మొగోళ్ళు నవ్వితె ఏమన్నడెరికేనా? 'మీరొకపాలి మోసి నవ్వుండ్రి' అన్నడు." మంగవ్వ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను, ఈసారి ఎవరికీ భయపడి కాదు.

మూడు వారాల తర్వాత, మిట్టమధ్యాహ్నం వేళ నాకు ఆడపిల్ల పుట్టింది. నాలుగున్నర పౌన్లు. పిల్ల చిన్నదే గాని గొంతు వరండా అవతలికి వినబడింది. నేను ఒక మాట కోసం సిద్ధపడి ఉన్నాను. మనవడి కోసం ఎదురుచూసిన అత్త ఏమంటుందో, దానికి నేనేమనాలో ముందే అనుకుని పెట్టుకున్నాను. అత్త లోపలికి వచ్చి, నర్సు చేతిలోని మూట వైపు రెండు చేతులూ చాపింది.

"బట్ట తియ్యమ్మా," అన్నది. "మొకం చూడనియ్యి."

చూసింది. తనివితీరా, ఎంతసేపో చూసింది. నేను సిద్ధం చేసుకున్న మాట నాకు అక్కర పడలేదు. పిల్లకు స్వరాజ్యం అని పేరు పెట్టాలని నేనంటే, పాస్టరు గారు బైబిలు పేరు కాదే అని నసిగారు. "కన్నది ఆమె" అన్నాడు మా ఆయన.

పిల్లకు ఐదో నెల వచ్చాక యేసురత్నమ్మ మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆమెకు ఇంకా నాలుగు ఊళ్ళు అప్పగించారట, పరీక్షలకు నెలకొకసారే రాగలదు. పాఠాలు చెప్పే మనిషి కావాలి. "నువ్వు చెప్తవా?" అని అడిగింది. పెద్దపంతులు కూడా అప్పుడే కబురు పంపాడు, ఇప్పుడు బడికి రావచ్చని. రెండిటికీ ఒకే రోజు జవాబు ఇచ్చాను. బడికి వస్తాను, పిల్ల ఉయ్యాల తరగతిలోనే ఉంటుంది, ఇష్టమైతేనే పిలవండి అని ఆయనకు రాశాను. వేరే పంతులమ్మ దొరకక ఒప్పుకున్నాడు. నర్సమ్మతో నాదీ ఒక షరతు అన్నాను. పాఠం ఆదివారం మధ్యాహ్నం పెడతాను, కడుపుతో ఉన్నవాళ్ళు భర్తలను వెంట తెచ్చుకోవాలి. క్రైస్తవులైనా కాకపోయినా సరే, మొగుడు రాకపోతే పాఠం లేదు.

"ఒక్కడు రాడు" అన్నది నర్సమ్మ.

మొదటి ఆదివారం ఆడవాళ్ళు చాపలు నిండా వచ్చారు. మొగవాళ్ళు కూడా వచ్చారు గాని, గుడి ప్రహరీ అవతల గుంపుగా నిలబడి బీడీలు కాలుస్తున్నారు. పదకొండు మంది. మా అత్త గేటు దగ్గరికి పోయి, "బీడీలు పారేసి లోపలికి రాండ్రి. తండ్రులైతరట, ఇంత సిగ్గా!" అన్నది. ఎవరూ కదల్లేదు. అప్పుడు మా ఆయన స్వరాజ్యాన్ని భుజాన వేసుకుని, అందరి ముందు నుంచి నడిచి వచ్చి మొదటి చాప మీద కూర్చున్నాడు. ఓదెలు చూశాడు. అతని భార్య లచ్చమ్మకు ఐదో నెల. బీడీ కింద పడేసి తొక్కి, అతను లోపలికి వచ్చాడు. అతని వెనుక ఒక్కొక్కరే వచ్చి, ఆడవాళ్ళకు దూరంగా ఒక పక్కన కూర్చున్నారు.

తిండి గురించి మొదలుపెట్టాను. ఆకుకూర, పప్పు, గుడ్డు దొరికితే గుడ్డు, అందరికంటే ముందు కడుపుతో ఉన్న మనిషి తినాలి అన్నాను. ఓదెలు చెయ్యెత్తి ఆపాడు.

"పంతులమ్మా, తప్పుగ అనుకోకు. మొదలు మొగోడు తిని, తర్వాత ఆడిది తింటె ఏమైతది? కుండ ఒక్కటే, అన్నం ఒక్కటే గద?"

మొగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళెవరూ నవ్వలేదు. చెప్పవలసిన జవాబు నా దగ్గర ఉంది. నెత్తురు సంగతి, బిడ్డ బరువు సంగతి, నర్సమ్మ చెప్పినదంతా ఉంది. కానీ అతను ఎగతాళికి అడగలేదు. నిజంగానే అతనికి తెలియదు. మా ఆయనకు తెలియనట్టే.

"ఓదెలూ, ఇయ్యాల పొద్దున నువ్వేం తిన్నవ్?" అని అడిగాను.

"చింతచిగురు పప్పు, అన్నం. కడుపు నిండ తిన్న."

"లచ్చమ్మ ఏం తిన్నది?"

అతను అవతలి చాపల మీద తల వంచుకుని కూర్చున్న భార్య వైపు తిరిగాడు. ఇంతమందిలో ఆమెను పిలవడం అతనికి కొత్త.

"లచ్చీ," అన్నాడు, "ఏం తిన్నవే?"

పెళ్ళయిన మూడేళ్ళలో అతను ఆ మాట అడగడం అదే మొదటిసారని ఆమె తర్వాత నాకు చెప్పింది. లచ్చమ్మ తల ఎత్తింది. అందరికీ వినబడేటట్టు జవాబు చెప్పింది.

"గంజి. అడుగున ఉన్న గంజి తాగిన."

ఓదెలు లేచాడు. చాపలు దాటుకుంటూ వెళ్ళి భార్య పక్కన కూర్చున్నాడు. అతని వెనుక ఇంకొకతను లేచాడు, తర్వాత ఇంకొకతను. వరండా అంతా కదలిక మొదలైంది. ఒక్కొక్కరూ తమ మనిషి దగ్గరికి పోయి, గొంతు తగ్గించుకుని అడుగుతున్నారు. ఆడవాళ్ళు చెబుతున్నారు. నేను సుద్దముక్క కింద పెట్టి, నా కూతురిని ఎత్తుకుని నిలబడ్డాను. ఆ ఆదివారం ఇక నేను చెప్పవలసిన పాఠం లేకపోయింది.